యుద్ధం జరిగిన చోటికి విహారయాత్రా?

ప్రశ్న: మేం ఏడెనిమిది మంది మిత్రులం వారానికోసారి కలుస్తాం. కబుర్లు ఎక్కడ మొదలైనా చివరికి యుద్ధాల దగ్గరికే చేరతాయి. ఏ దేశం ఎవరి మీద ఎందుకు దాడి చేసింది, ఏ దేశం ఎవరికి వెన్నుపోటు పొడిచింది, శరణార్థులను ఎవరు రానివ్వాలి, ఎవరిని తిప్పి పంపాలి... అందరూ తీర్పు చెప్పినట్టు మాట్లాడతారు. నేను ‘నాకు అంతగా తెలియదు’ అంటే గోడమీద పిల్లినంటారు. ఇప్పుడు ఈ వాదన నా ప్రయాణం మీదికి వచ్చింది. వచ్చే ఏడాది బోస్నియా, ఆ తరువాత వీలైతే వియత్నాం చూడాలని డబ్బు కూడబెట్టుకుంటున్నాను. ‘జనం చచ్చిన చోటికి ఫొటోలు దిగడానికి వెళ్తావా?’ అని ఒకరు, ‘విదేశాంగ విధానం బాగోలేని దేశానికి మన డబ్బు ఎందుకివ్వాలి?’ అని ఇంకొకరు. ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే అనిపిస్తోంది. వెళ్లనా, మాననా? వీళ్లతో ఎలా మాట్లాడాలి? మీకు నచ్చిన చోట్లు కూడా చెప్పండి.
- ఒక పాఠకురాలు

సమాధానం: వెళ్లండి. అసలు జవాబు ముందే చెప్పేశాను కాబట్టి ఇక తీరిగ్గా మాట్లాడుకుందాం.

మీ ఉత్తరం చదువుతుంటే నన్ను ఆపింది మీ ప్రయాణం కాదు, మీ మిత్రులు మాట్లాడే తీరు. ఒక దేశం దాడి చేసిందట, ఇంకో దేశం వెన్నుపోటు పొడిచిందట. దేశమంటే ఒకే మనిషి అయినట్టు, ఆ మనిషికి ఒకే బుద్ధి, ఒకే నోరు ఉన్నట్టు! పక్కింటివాళ్ల గురించి చెప్పుకున్నంత సులువుగా దేశాల గురించి చెప్పుకుంటే పొద్దు బాగానే పోతుంది. కానీ యుద్ధం, విదేశాంగ విధానం, వలస, చివరికి మీ ప్రయాణం, అన్నీ కలగాపులగమైంది కూడా అక్కడే.

బోస్నియానే తీసుకోండి. ఆ దేశానికి అధ్యక్షుడు ఒకరు కాదు, ముగ్గురు. బోస్నియాకులు (అక్కడి ముస్లింలు), సెర్బులు, క్రొయేట్ల నుంచి ఒక్కొక్కరు. యుగొస్లావియా చీలినప్పుడు, 1992లో ఈ మూడు వర్గాల మధ్య మొదలైన యుద్ధాన్ని ఆపిన 1995 నాటి డేటన్ ఒప్పందం చేసిన ఏర్పాటు ఇది. అధ్యక్ష మండలికి పెద్దరికం ఎనిమిది నెలలకోసారి చేతులు మారుతుంది. విదేశాంగ విధానం నడపవలసింది ఈ ముగ్గురే, పెద్ద విషయాల్లో ముగ్గురికీ మాట కలవడం కష్టం. అలాంటి దేశపు విదేశాంగ విధానం బాగోలేదని మీ మిత్రులు తేల్చేశారంటే, ముగ్గురిలో ఎవరిది బాగోలేదని అడగండి. వెటకారానికి కాదు, నిజంగానే అడగండి. జవాబు వెతుక్కుంటే ఆ దేశం గురించి కాస్త తెలుస్తుంది.

ఇక వియత్నాం. అక్కడి యుద్ధం 1975 ఏప్రిల్ 30న ముగిసింది. అమెరికా వాణిజ్య నిషేధం 1994 దాకా సాగింది. 1995లో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మొదలయ్యాయి. 2023లో అవే రెండు దేశాలు తమ సంబంధాన్ని వియత్నాం దౌత్యంలోని అత్యున్నత స్థాయికి పెంచుకున్నాయి. ఇంకోవైపు, అమెరికాతో పోరాడినన్నాళ్లూ వియత్నాంకు ఆయుధాలిచ్చి ఆదుకున్న చైనా 1979లో అదే వియత్నాం మీదికి సైన్యాన్ని నడిపించింది. ఇందులో ఎవరు నమ్మకస్థుడు, ఎవరు ద్రోహి? ఈ ప్రశ్నకు అర్థమే లేదు. ఆయా కాలాల్లో ఆయా ప్రభుత్వాలు తమకేం కావాలో, దేనికి భయపడ్డాయో, దానికి తగ్గట్టు నిర్ణయాలు తీసుకున్నాయి. హో చి మిన్ నగరంలో యుద్ధ మ్యూజియం ఉంది. 1975లో తెరిచినప్పుడు దాని పేరులో అమెరికా నేరాలు, దాని తొత్తుల నేరాలు అని ఉండేది. 1990లో అమెరికా మాట తీసేశారు, నేరాలు మిగిలాయి. సంబంధాలు కుదిరిన 1995లో నేరాలు కూడా పోయి, యుద్ధ అవశేషాల మ్యూజియం అయింది. లోపలి ఫొటోలు మాత్రం ఇప్పటికీ కడుపులో దేవేవే. విదేశాంగ విధానం ఎలా పనిచేస్తుందో ఆ బోర్డు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు.

కాబట్టి మీ బృందంలో ‘ఏ దేశం మంచిది’ అన్న మాట వచ్చినప్పుడల్లా దాన్ని నిర్ణయం దగ్గరికి లాగండి. ఏ నిర్ణయం, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు, అందువల్ల ఎవరికి నష్టం? ఆంక్షల సంగతి వస్తుందనుకోండి. రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేశాక, 2022 మార్చిలో వీసా, మాస్టర్‌కార్డ్ సంస్థలు రష్యాలో పని ఆపేశాయి. అప్పటి నుంచి బయటి బ్యాంకులు ఇచ్చిన ఆ కార్డులు అక్కడ చెల్లవు. ఐరోపా ఆంక్షలకు ప్రతిగా రష్యా తన గగనతలం మూసేయడంతో హెల్సింకీ నుంచి టోక్యోకు తొమ్మిది గంటల్లో చేరే విమానం పదమూడు గంటల దాకా చుట్టుతిరిగి వెళ్లవలసి వచ్చింది. ఆంక్షలు యుద్ధాన్ని ఆపాయా అంటే, ఆపలేదు. అయితే ఆపడానికే పెట్టారా, ఖర్చు పెంచడానికి పెట్టారా? లక్ష్యం ఏమిటో తేల్చకుండా ‘ఆంక్షలు దండగ’ అన్నా, ‘ఆంక్షలు గొప్ప’ అన్నా రెండూ ఒకటే.

గోడమీద పిల్లి అన్న మాటకు మీరు నొచ్చుకున్నట్టున్నారు. ‘నాకు తెలియదు’ అని ఊరుకుంటే ఎవరైనా అలాగే అంటారు. ఏది తెలియదో చెప్పండి. ‘ఈ సరిహద్దు ఎప్పుడు గీశారో నాకు తెలియదు, అది తెలిస్తే గాని ఎవరి వాదన నిజమో చెప్పలేను’ అంటే అది పిరికితనం కాదు, పని. అలాగే కొన్నిటికి ఏ పుస్తకమూ చదవనక్కర్లేదు. 1992 మే 27న బోస్నియా రాజధాని సరయేవోలో రొట్టె కోసం వరుసలో నిలబడ్డ జనం మధ్య షెల్లు పేలింది. అది తప్పని చెప్పడానికి బాల్కన్ చరిత్ర తెలియాలా? ‘రెండు పక్షాలూ చేశాయిలే’ అని కొట్టిపారేసేవాళ్ల దగ్గర మీరు గట్టిగానే మాట్లాడాలి. తూర్పు బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 1995 జూలైలో బోస్నియా సెర్బు బలగాలు ఎనిమిది వేలకు పైగా బోస్నియాకు పురుషులను, మగపిల్లలను చంపాయి. అది జాతిహననమని ఐక్యరాజ్యసమితి ఏర్పాటు చేసిన ట్రిబ్యునల్ తీర్పు చెప్పింది, 2007లో అంతర్జాతీయ న్యాయస్థానమూ అదే చెప్పింది. దాని మీద అభిప్రాయాలు పంచుకునే రోజులు దాటిపోయాయి. అయితే ఆ నేరం చేసినవాళ్లకు పేర్లున్నాయి, వాళ్లకు శిక్షలు పడ్డాయి. ‘సెర్బులే అంత’ అని ఎవరైనా అంటే అక్కడ కూడా ఆపండి.

వలసల గురించి మీ బృందం ఏమనుకుంటోందో మీరు వివరంగా రాయలేదు గాని, ఊహించగలను. అందరూ సంపన్న దేశాల మీదికి ఎగబడుతున్నారన్నదే కదా? ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ లెక్క ప్రకారం 2024 చివరికి ప్రపంచంలో 12 కోట్ల 32 లక్షల మంది బలవంతంగా ఇళ్లు వదిలారు. వాళ్లలో 7 కోట్ల 35 లక్షల మంది సరిహద్దు దాటనే లేదు, సొంత దేశంలోనే ఇంకో మూలకు చేరారు. దాటినవాళ్లలోనూ మూడింట రెండు వంతుల మంది ఆగింది పొరుగు దేశంలోనే. సిరియా యుద్ధంలో ఒక దశలో టర్కీ ఒక్కటే 35 లక్షల మందికి పైగా ఆశ్రయమిచ్చింది. లెబనాన్ అయితే తన జనాభాతో పోలిస్తే అంతకంటే పెద్ద బరువే మోసింది. వెనెజ్వేలా నుంచి వచ్చినవాళ్లకు కొలంబియా 2021లో పదేళ్ల తాత్కాలిక రక్షణ ప్రకటించింది. ఎగబడటం అన్న మాట ఈ లెక్కల పక్కన నిలబడదు.

పని కోసం వెళ్లేవాళ్లు వేరు, ప్రాణభయంతో పారిపోయేవాళ్లు వేరు. మొదటివాళ్లను ఎంతమందిని రానివ్వాలన్నది ఏ దేశానికైనా నిజమైన ప్రశ్నే. ఇళ్ల అద్దెలు, బడుల్లో సీట్లు, జీతాలు అన్నీ అందులో ఉన్నాయి. ‘తగ్గించాలి’ అన్న మిత్రుణ్ణి వెంటనే క్రూరుడని ముద్ర వేయకండి. రెండోవాళ్ల విషయంలో మాత్రం 1951 నాటి శరణార్థుల ఒప్పందం ఒక గీత గీసింది. ప్రాణానికి ముప్పున్న చోటికి మనిషిని తిరిగి నెట్టకూడదన్నది దాని 33వ అధికరణం. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చడం కష్టమే, చాలామందికి రెండు కారణాలూ ఉంటాయి. కష్టమని చెప్పి అందరినీ ఒకే మూటలో కట్టడం మాత్రం సోమరితనం.

ఇదంతా మీ ప్రయాణానికి దూరం కాదు. యుద్ధానికి ముందు బోస్నియా జనాభా సుమారు 44 లక్షలు. అందులో దాదాపు సగం మంది ఇల్లు వదలవలసి వచ్చింది. జర్మనీ ఒక్కటే మూడు లక్షలకు పైగా మందిని తీసుకుంది, యుద్ధం ముగిశాక వాళ్లలో ఎక్కువమందిని తిరిగి పంపించింది. అందుకే బోస్నియాలో ఇంగ్లిషు రాని నడివయసు మనిషి కూడా జర్మన్‌లో గడగడా మాట్లాడటం వింతేమీ కాదు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, చెప్పాలనిపిస్తే చెబుతారు. శరణార్థుల గురించి మీ బృందంలో వాదించేవాళ్లలో ఎందరు ఒక శరణార్థితో పది నిమిషాలు మాట్లాడారు?

ఇప్పుడు మొదటి మిత్రుడి మాట, ‘జనం చచ్చిన చోట ఫొటోలు’. హిరోషిమాకు, బెర్లిన్‌కు, నార్మండీ తీరానికి లక్షల మంది వెళ్తారు, వాళ్లను ఎవరూ ఇలా నిలదీయరు. అంటే అభ్యంతరం చావుల మీద కాదు, కాలం మీద. ఎన్నేళ్లు గడిస్తే సరే? దానికి గడువు మన చేతిలో లేదు, అక్కడివాళ్ల చేతిలో ఉంది. సరయేవోవాళ్లు తలుపులు తీసే ఉంచారు. దాదాపు నాలుగేళ్లు ముట్టడిలో ఉన్న ఆ నగరం 1993లో విమానాశ్రయం రన్‌వే కింద రెండు వైపుల నుంచీ తవ్వుకుంటూ వచ్చి సుమారు 800 మీటర్ల సొరంగం పూర్తి చేసింది. ఎత్తు మనిషి నిటారుగా నిలబడేంత లేదు. తిండి, మందులు, ఆయుధాలు, గాయపడ్డవాళ్లు, అన్నీ అందులోంచే. ఇప్పుడు చూడనిచ్చేది అందులో చిన్న ముక్కే, దాని ముఖద్వారం ఓ మామూలు ఇంటి అడుగున ఉంటుంది. ఆ కాసింత దూరం నడుము వంచి నడిస్తే చాలు, మిగతాది మీ వీపు లెక్క వేసుకుంటుంది. నగరంలో నడిచేటప్పుడు కిందికి కూడా చూడండి. షెల్లు పడి జనం చనిపోయిన కొన్ని చోట్ల కాంక్రీటులో మిగిలిన గుంటలను ఎర్రటి రెసిన్‌తో నింపారు. గులాబీలంటారు వాటిని. వాటి పక్కన నవ్వుతూ ఫొటో దిగకపోతే మీ మిత్రుడికి జవాబిచ్చినట్టే.

రెండో మిత్రుడి మాటకు కొంచెం బలముంది. డబ్బు ఎక్కడికి పోతుందన్నది అడగవలసిన ప్రశ్నే. కానీ దానికి జవాబు దేశం పేరులో దొరకదు. రెండు సంగతులు చూడండి. మొదటిది, రావద్దని అక్కడివాళ్లే అడిగారా? మయన్మార్ సైనిక ప్రభుత్వం 1996ను పర్యాటక సంవత్సరంగా జరపబోతే, ఆంగ్ సాన్ సూకీ పార్టీయే విదేశీయులను రావద్దని కోరింది. 2010 తరువాత అదే పార్టీ మాట మార్చి, బృందయాత్రలు వద్దు గాని విడిగా వచ్చేవాళ్లు రావచ్చని చెప్పింది. విడిగా వచ్చినవాళ్ల డబ్బు చిన్న దుకాణాలకు, చిన్న వసతిగృహాలకు చేరుతుందని ఆలోచన. నాకు ఆ రెండో మాటే ఇంకా తెలివైనదిగా తోస్తుంది. ఎవరూ అడగకుండా మనమే ఇక్కడ కూర్చుని బహిష్కరించడం మన తృప్తికి తప్ప ఎవరికీ అక్కరకు రాదు. రెండోది, మీరు పడుకునే మంచం ఎవరిది? యుద్ధం 2009లో ముగిశాక శ్రీలంక ఉత్తర ప్రాంతంలో సైన్యమే నడిపే విడిదులు వెలిశాయి. అదే ఊళ్లో ఓ కుటుంబం నడిపే గదులూ ఉంటాయి. దేశం ఒకటే, జేబులు రెండు. రువాండాలో పర్వత గొరిల్లాలను చూసే అనుమతికి చాలామంది విదేశీయుల దగ్గర 1,500 డాలర్లు తీసుకుంటారు. మామూలు మనిషి తట్టుకునే ధర కాదనుకోండి. కానీ పార్కుల ఆదాయంలో పది శాతం చుట్టుపక్కల ఊళ్లకు వెళ్తుంది. ఇలాంటివి ముందే తెలుసుకోవచ్చు, వెబ్‌సైటులో పది నిమిషాల పని.

నచ్చిన చోట్లు అడిగారు. నా జాబితాలో మొదటిది బోస్నియాలోని మోస్తార్ పట్టణం. 1566లో కట్టిన రాతి వంతెన 1993 నవంబర్ 9న ఫిరంగి దెబ్బలకు నెరెత్వా నదిలో కూలింది. దాన్ని మళ్లీ కట్టి 2004 జూలైలో తెరిచారు. రాళ్లు అరిగి నున్నగా ఉంటాయి, కాళ్లు జారకుండా అడ్డపట్టీలున్నాయి, అయినా నలుగురిలో ఒకరు జారతారు. వేసవిలో కుర్రవాళ్లు వంతెన అంచున నిలబడి డబ్బు పోగయ్యేదాకా దూకినట్టే చేసి ఆగుతారు. తరువాత ఇరవై మీటర్లకు పైగా కిందికి, చల్లటి నీళ్లలోకి దూకేస్తారు. పక్కనే ఓ రాయి మీద ‘93ను మరవకండి’ అని రాసి ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే దాటిపోతారు. అక్కడ ఒక రాత్రయినా ఉండండి. బస్సుల్లో వచ్చే గుంపులు సాయంత్రానికి ఖాళీ అవుతాయి.

వియత్నాంలో అందరూ కూ చీ సొరంగాలకు వెళ్తారు. అక్కడ తూటాకింత అని డబ్బు కట్టి తుపాకీ పేల్చే మైదానం ఉంది. సొరంగం లోపల ఉండగా ఆ చప్పుడు వినిపిస్తుంటే నాకు చిరాకు. దానికి బదులు క్వాంగ్ ట్రీ ప్రాంతంలోని విన్ మోక్ చూడండి. బాంబుల కింద ఊరు ఊరంతా భూమి లోపలికి దిగిన చోటు అది. బావి ఉంది, కాన్పుల గది ఉంది, అక్కడ పుట్టిన పిల్లలున్నారు. ఎప్పుడైనా వీలు చిక్కితే సైప్రస్ రాజధాని నికోసియా కూడా. 1974 నుంచి గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య రెండుగా చీలిన నగరం. దుకాణాల మధ్య లెద్రా వీధిలో నడుస్తూ నడుస్తూ పాస్‌పోర్టు చూపించాలి. ఆ దారి తెరిచింది 2008లో.

కొన్ని జాగ్రత్తలు. బోస్నియా కొండల్లో ఇంకా మందుపాతరలున్నాయి. పుర్రె గుర్తున్న ఎర్ర బోర్డు కనిపించినా, కనిపించకపోయినా అడవి దారిలో గుర్తులేని బాట పట్టకండి. క్వాంగ్ ట్రీలో కూడా పేలని బాంబులు దొరుకుతూనే ఉంటాయి, నేల మీద ఇనుపముక్క చేతిలోకి తీసుకోకండి. ప్రయాణ బీమా పత్రంలో యుద్ధం అన్న మాట ఎక్కడుందో వెతికి చదవండి. చాలా బీమాలు యుద్ధనష్టాన్ని మినహాయిస్తాయి, ప్రభుత్వం వెళ్లవద్దన్న ప్రాంతానికి వెళ్తే మొత్తానికే చెల్లకపోవచ్చు. మనుషులతో మాట్లాడేటప్పుడు మొదటి రోజే ‘మీరు ఏ పక్షం?’ అని అడగకండి. పేరును బట్టి ఊహించి, ఊహించింది పైకి అనడం అంతకంటే మోటు.

బోస్నియా దాకా వెళ్లాక సెర్బియా, కొసావో కూడా చూడాలనిపిస్తుంది, దగ్గరే. అలాగైతే ముందు సెర్బియా, అక్కడి నుంచి కొసావో వెళ్లండి. కొసావో 2008లో స్వాతంత్ర్యం ప్రకటించుకుంది, సెర్బియా దాన్ని ఒప్పుకోలేదు, అది తమ భూభాగమే అంటుంది. అల్బేనియా వైపు నుంచో ప్రిష్టినా విమానాశ్రయంలోనో కొసావోలో అడుగుపెట్టి, అటు నుంచి సెర్బియాలోకి వస్తే, మీరు తమ దేశంలోకి దొడ్డిదారిన వచ్చినట్టు లెక్కగట్టి సరిహద్దులో ఆపవచ్చు. ఈ వరుస ఎందుకో చెప్పమని వచ్చే వారం మీ మిత్రులను అడిగి చూడండి. కనీసం ఒక పటమైనా తెరుస్తారు.